గోల్‌కీపర్ హాల్ టికెట్ నంబరు

ఎనిమిది మ్యాచుల్లో అంజిని దాటి గోల్‌లోకి వెళ్లిన బంతులు మూడే. మా నారాయణగూడ బ్రదర్స్ ఫుట్‌బాల్ టీము బి డివిజన్‌లో అందరికన్నా పైన ఉందంటే వాడి చేతుల వల్లే. నేను ఆడేవాణ్ని కాను, గట్టు మీద నిలబడి గొంతు పోయేలా అరిచేవాణ్ని. ఇంకో నాలుగు మ్యాచులు గెలిస్తే ఎ డివిజన్‌కు వెళ్తాం. వీడేమో కానిస్టేబుల్ పరీక్ష రాసి కూర్చున్నాడు. సెలెక్ట్ అయితే వారంలో ట్రైనింగ్‌కు పోతాడు. మరి గోల్ ఎవడు కాస్తాడు, నేనా?

అశోక్‌నగర్ హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. నాలుగు రోజులుగా నాకు కుదురు లేదు. పుస్తకం తెరిస్తే కన్ను నిలవడం లేదు. టీ కోసం చిక్కడపల్లి దాకా నడిచి, తాగకుండానే తిరిగొస్తున్నాను.

"ఏందన్నా, గింత పరేషాన్ అయితున్నవ్? జర నిమ్మళంగ ఉండు. రిజల్ట్ వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు అంజి.

ఈ రోజు సాయంత్రం లిస్టు వచ్చింది. అంజి ఇంకా ప్రాక్టీసు నుంచి రాలేదు. వాడి నంబరు నాకు నోటికి వచ్చు. ఫోన్‌లో కొట్టి వెతికాను. లేదు. ఒక్కో అంకె సరిచూసుకుని మళ్లీ కొట్టాను. లేదు! మంచం మీదికి ఎగిరి, హాస్టల్ అదిరేలా కేక పెట్టాను.

అప్పుడే వచ్చి మెట్లెక్కుతున్న అంజి బూట్లు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు.

"వచ్చిందా అన్నా నీ నంబర్? నాకెర్కే, నీకు వస్తదని!"

ఆ పరీక్ష నేనూ రాశానని నాకు అప్పుడు గుర్తొచ్చింది.