తలుపు మీది సుద్దరాత

మా అత్త రోసమ్మ రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు నన్ను గదిలో ఉంచి బయట తాళం వేసి పనికి వెళ్లేది. అది శిక్ష కాదు. బోయిగూడలో మా గది ముందు సందులో పొద్దున్నుంచీ ఎవరో ఒకరు తిరుగుతూనే ఉంటారు. పదిహేనేళ్ల పిల్ల లోపల ఒంటరిగా ఉందని ఎవరికీ తెలియకూడదని అత్త భయం. తాళం కనిపిస్తే ఇంట్లో ఎవరూ లేరనుకుంటారు కదా. వెనకవైపు గిన్నెలు కడుక్కునే చోటికి ఇంకో తలుపు ఉంది. ఏదైనా అవసరం వస్తే గోడ అవతల ఉండే నజ్మున్నీసా గారిని పిలవమంది.

"ఎవరు తలుపు కొట్టినా పలక్కు. దగ్గొచ్చినా ఆపుకో," అని చెప్పి వెళ్లేది.

నాకది కష్టమేమీ కాదు. మా ఊరి బళ్లో హాజరు పిలిచినప్పుడు కూడా నా గొంతు మాస్టారి దాకా వెళ్లేది కాదు.

అది 2009 మే నెల. ఒంగోలు దగ్గర మా ఊళ్లో పదో తరగతి పూర్తిచేసి, ఇంటర్లో చేరడానికి అత్త దగ్గరికి వచ్చాను. కాలేజీ తెరిచేదాకా నాకు వంట, డైరీ తప్ప వేరే పని లేదు. ఆ డైరీ దేవసహాయం మాస్టారు ఇచ్చారు. ఏదో విత్తనాల కంపెనీది, రెండేళ్ల కిందటిది. తేదీలు కొట్టేసి రాసుకునేదాన్ని. మూసిన తలుపు వెనక ఉండే మనిషి ఏం చూస్తుంది? అందుకని సందులో వినపడినవి రాసేదాన్ని. మల్లెపూల ఆమె ఏ ఇంటి ముందు ఆగింది, ఎవరి సైకిలు గొలుసు ఊడింది, ఇట్లాంటివి.

అత్త చిలకలగూడలో మూడిళ్లలో అంట్లు తోమి, బట్టలు ఉతికేది. సబ్బునీళ్లకు ఆమె వేళ్ల సందులు ఒరిసిపోయి ఉండేవి. అన్నం కలుపుకుంటే కారం తగిలి మండుతుందని స్పూనుతో తినేది. అత్త భర్త జకర్యా మామయ్య పక్షవాతంతో నాలుగేళ్లు మంచం మీద ఉండి పోయాడు. ఆ నాలుగేళ్లలో ఆయన ఒంటి మీద ఒక్క పుండు కూడా పడలేదని ఆసుపత్రి నర్సులు అన్నారట. అత్త తన గురించి గొప్పగా చెప్పుకునేది ఆ ఒక్క మాటే.

ఆ నెలలో మా బస్తీకి పట్టణ పేదల కోసం ఒక పథకం వచ్చింది. ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకుంటారు. చదువులేని ఆడవాళ్లకు మూడు నెలలు ఆయా పని నేర్పించి, ఆసుపత్రిలో ఉద్యోగం ఇప్పిస్తారు. వయసు నలభై దాటకూడదు. రేషన్ కార్డు ప్రకారం అత్తకు ముప్పై తొమ్మిది నిండి పది నెలలు. ఈసారి పేరు రాకపోతే ఇంకెప్పుడూ రాదు. ఈ సంగతి చెప్పింది నజ్మున్నీసా గారే. ఆమె మా పొదుపు సంఘం లీడరు. బస్తీలో అందరూ ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తారు.

మంగళవారం పదకొండు గంటలకు ఎవరో మా తలుపు మూడుసార్లు కొట్టారు. నేను తలుపు వెనకే నిలబడి చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. "సర్వే అమ్మా, ఎవరున్నారు?" అన్నాడాయన. పలకాలో వద్దో తేల్చుకునే లోపల ఆయన ఫోను మోగింది. ఫోనులో మాట్లాడాడు. తర్వాత తలుపు మీద సుద్దముక్క గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. మధ్యలో అది విరిగి గడప మీద పడింది. చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా నేను ఊపిరి సరిగ్గా తీసుకోలేదు.

అత్త రెండు గంటలకు వచ్చింది. తాళం తీస్తూనే, "మేబెలూ, సర్వే వాళ్లు వచ్చారే! తలుపు మీద ఏం రాశారో చూడు," అంది. బయటికి వెళ్లి చూశాను. పన్నెండు అని మా ఇంటి నంబరు, దాని పక్కన 'తాళం' అని రాసి ఉంది.

అత్తకు చదవడం రాదు. ఆమె ముఖం చూశాను. ఊరి నుంచి వచ్చాక ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు.

"మన నంబరు అత్తా," అన్నాను.

తాళం ఉందని రాసుకున్నారంటే మళ్లీ వస్తారనే కదా, అప్పుడు పలుకుదాంలే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ రోజు నుంచి అత్త ఆ సుద్దరాతను పసిపిల్లను చూసినట్టు చూసుకుంది. తలుపు నెమ్మదిగా వెయ్యమనేది. చెయ్యి తగలకుండా పక్కకి ఒదిగి లోపలికి వచ్చేది. శుక్రవారం మధ్యాహ్నం గాలీ వానా వస్తే, ఆరేసిన చీరను వదిలేసి, బియ్యం సంచీ ప్లాస్టిక్కు తెచ్చి రాత మీద మేకులతో బిగించింది. ఆదివారం చర్చికి వెళ్లేముందు తలుపు కడిగింది గానీ, ఆ సంచీ ఉన్న చోటును తడవనివ్వలేదు.

ఆ ఆదివారం సాయంత్రమే వెనకగోడ అవతల ఆపా ఎవరితోనో అంటున్నది వినపడింది. తాళం ఉన్న ఇండ్ల పేర్లు లిస్టులో లేవట. మళ్లీ రారట. రేపు సాయంత్రం లిస్టు పైకి పోతుందట. మా ఇల్లూ అందులో ఉందని ఆపాకు తెలియదు. ఆమె గుమ్మం వెనక సందులో ఉంది, పైగా రాత మీద సంచీ ఉంది కదా.

లోపలికి వస్తే అత్త పాత పెట్టెలో నుంచి తెల్లచీర తీసి మడతలు సరిచేస్తోంది. ట్రైనింగుకు కట్టుకోవడానికట. రేపు చిలకలగూడ అమ్మగారికి, ఒకటో తారీఖు నుంచి రానని చెప్పేస్తానంది. డైరీ తెరిచి ఒక వాక్యం రాశాను. కొట్టేశాను.

సోమవారం ఉదయం అత్త తాళం చేతిలోకి తీసుకుంది.

"అత్తా, తాళం వెయ్యకు," అన్నాను.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

గడప మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. అత్త సంచీ మేకులు ఒక్కొక్కటే ఊడబీకింది. ఆరు రోజులు కాపాడిన అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టింది.

"ఇది తాళం అనా?"

"ఆ."

"అయితే ఇన్నాళ్లూ తాళానికి గొడుగు పట్టానన్నమాట." నవ్వలేదు. నా పక్కన వచ్చి కూర్చుంది. "పలకొద్దని చెప్పింది నేనే. నువ్వు పలకలేదు. అది నా తప్పు. మరి నాతో అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నువ్వు నవ్వావు అత్తా. అందుకని."

అత్త నా జడ చివర పట్టుకుని సవరించింది. తర్వాత లేచి, "పద. ఆ పుస్తకం కూడా తీసుకో. నీకది లేకపోతే కాళ్లు ఆడవు," అంది. ఆ రోజు చిలకలగూడ వెళ్లలేదు.

లిస్టు తయారవుతున్న కమ్యూనిటీ హాల్లో ఇరవై మంది ఆడవాళ్లు ఉన్నారు. బల్ల ముందు సర్వే ఆయన పద్మనాభం గారు కాగితాలు సర్దుతున్నాడు. ముఖం నాకు కొత్త. గొంతు మాత్రం వెంటనే గుర్తుపట్టాను. ఆపా మా మాట వినగానే బల్ల దగ్గరికి నడిచింది.

"సార్, తాళమున్న ఇల్లంటే పనికి పోయిన ఇల్లు. పనికి పోయేటోళ్లకు పని ఇయ్యమంటే ఎట్ల? దినమంత ఇంట్ల కూసునేటోళ్ల పేర్లే రాసుకున్నరు మీరు."

ఆయన విసుక్కోలేదు. అలసిపోయినట్టు ఉన్నాడు. తాళం వేసిన ఇళ్లు ముప్పై ఉన్నాయని, వచ్చిన ప్రతి ఒక్కరి మాటా నమ్మి రాసేస్తే పైవాళ్లు ఊరుకోరని చెప్పాడు. "ఇంట్లో మనిషి ఉన్నారని తెలిస్తే రాసేవాణ్ని కదమ్మా," అన్నాడు అత్తతో.

అత్త నావైపు చూడలేదు. ఆమె చూడకపోవడం వల్లే నాకు ధైర్యం వచ్చిందేమో.

"నేను ఉన్నాను సార్, లోపల," అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను.

"ఉన్నావని నాకెట్లా తెలుస్తుంది తల్లీ?"

డైరీ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు వెతుక్కుని, దొరక్క, "నువ్వే చదువు," అన్నాడు.

చదివాను. అక్షరాలు నావే కాబట్టి దారి తప్పలేదు. "తలుపు మూడుసార్లు కొట్టారు. ఫోను వచ్చింది. ఆ, చెప్పక్కా, అమ్మ పాలు తాగిందా, ఏడిస్తే ఏడవనీ, పక్కకి తిప్పు, నాకింకా నలభై ఇళ్లున్నాయి అన్నారు. ఫోను పెట్టేశాక ముక్కు చీదుకున్నారు. తర్వాత సుద్దముక్క విరిగింది."

"చాలమ్మా," అన్నాడాయన. ఆ ముక్కు చీదుకున్న మాట వదిలేయాల్సింది అనిపించి నాకు సిగ్గేసింది.

అత్త మెల్లగా అడిగింది. "అమ్మగారు మంచాన పడి ఎన్నాళ్లయింది సార్?"

"ఐదు నెలలు."

"నడుం కింద ఎర్రబడిందా?"

ఆయన తలెత్తి అత్తను చూశాడు. ఎర్రబడడమే కాదు, నీరు కూడా కారుతోందన్నాడు. చెయ్యి పట్టి లాగి తిప్పుతున్నారా అని అత్త అడిగింది. అవునన్నాడు. అట్లా లాగితేనే చర్మం ఒరుసుకుపోతుందని చెప్పి, ఆపాను పక్కనున్న బెంచీ మీద పడుకోమంది.

"నన్నెందుకు పండవెడ్తవ్ రోసమ్మా? నాకింకా రోగం రాలే," అంటూనే ఆపా పడుకుంది.

అత్త ఆమె మోకాలు మడిచి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టింది. అంత మనిషినీ చాప చుట్టినంత తేలికగా పక్కకి తిప్పింది. మోకాళ్ల మధ్య మెత్తటి గుడ్డ పెట్టాలని, రెండు గంటలకోసారి తిప్పాలని చెప్పింది. పద్మనాభం గారు కాగితం తీసి రాసుకున్నాడు. అది పథకం కాగితమే. వెనకవైపు ఖాళీగా ఉంటే దాని మీదే రాశాడు.

తర్వాత అన్నాడు, ఇక్కడ కూర్చుని రాయడానికి లేదు, ఇంటి దగ్గర మనిషిని చూసి రాయాలి, రెండు గంటలకు వస్తాను అని.

బెంచీ మీద నుంచి లేవకుండానే ఆపా అడిగింది, "మరి మిగిలిన ఇండ్లు?"

ఆయన గడియారం చూసుకున్నాడు. "నాలుగింటిలోపల ఎవరి ఇంట్లో వాళ్లు ఉంటే రాస్తాను. పిలిపించుకోండి."

ఆపా లేచి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటికి పోయింది. ఆ మధ్యాహ్నం చిలకలగూడలో, రెజిమెంటల్ బజారులో ఎన్ని ఇళ్లలో అంట్లు సగంలో ఆగిపోయాయో నాకు తెలియదు. మా సందులో మాత్రం ఎప్పుడూ లేనట్టు తలుపులన్నీ తెరిచి ఉన్నాయి.

రెండున్నరకు ఆయన వచ్చాడు. జేబురుమాలుతో తలుపు మీది రాత తుడిచి, అత్తను గడప దగ్గర నిలబెట్టి వివరాలు అడిగి ఫారం నింపాడు. తలుపు మీద కొత్తగా రాశాడు. ఆయన వెళ్లాక అత్త నన్ను చదవమంది.

"పన్నెండు. రోసమ్మ. ఆయా శిక్షణ. నమోదు అయింది."

అత్త నన్నూ తలుపునూ మార్చిమార్చి చూసి, సందు చివర వెళుతున్న ఆపాను కేకేసింది. "ఆపా, జెర ఇటొచ్చి ఇది చదువు." ఆపా వచ్చి చదివి, నేను చెప్పిందే చెప్పింది. నాకు బాధ అనిపించలేదు. అట్లా ఇంకొకరితో చదివించుకోవడం ఆమె హక్కు.

మంగళవారం ఎనిమిదిన్నరకు అత్త పనికి బయలుదేరింది. ట్రైనింగు పిలుపు వచ్చేదాకా ఆ మూడిళ్లూ తప్పవు. అలవాటు కొద్దీ తాళం చేతిలోకి తీసుకుని గుమ్మంలో నిలబడింది. తర్వాత దాన్ని నా అరచేతిలో పెట్టింది.

"లోపల గడియ పెట్టుకో. ఎవరైనా తలుపు కొడితే ముందు ఎవరని అడుగు," అంది.

"ఊఁ," అన్నాను.

నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, మూసిన తలుపు మీద కొట్టింది.

"ఎవరు?" అన్నాను లోపలి నుంచి.

"ఇంకొంచెం గట్టిగా అడగాలి," అంది అత్త. ఈసారి ఆమె నవ్వు తలుపు ఇవతలికి వినిపించింది.