రాణిగారి ఆఖరి మాట

ఆరో భాగంలో రాణికి మాట పడిపోయింది. సినిమా మొదలై మనం కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే ఒక మంత్రగాడు ఆవిడ గొంతు లాగేసుకుని సీసాలో బిగించేశాడు. వాడి చేతులు పడిపోను, ఇంకెవరూ దొరకలేదా వాడికి?

ఐదు భాగాల్లో ఆ రాణికి గొంతు నాది. పరభాషా సినిమా. తెర మీద అందం వేరే ఆవిడది, తెలుగు మాట నాది. డబ్బింగులో మిగతా పాత్రలన్నీ కొత్తగా వచ్చిన కుర్రపిల్లలు ఎగరేసుకుపోయారు, నాకు మిగిలింది ఈ రాణి ఒక్కతే. పైగా నాకు ఆవిడంటే పిచ్చి. ఇంట్లో ఉప్పు తెమ్మన్నా మా ఆయన "రాణిగారి ఆజ్ఞ" అని ఏడిపిస్తాడు.

అందుకే స్టూడియోలో ఆ సినిమా వేసి చూపిస్తుంటే రెండు రకాలుగా ఏడ్చాను. అభిమానిగా అడిగితే, ఇన్ని భాగాల్లో ఇంత గొప్పది రాలేదు. నోట మాట లేని రాణి కంటిచూపుతో సైన్యాన్ని నడిపిస్తుంటే ఒళ్ళు జలదరించింది. అంతలోనే, నా పొట్ట కొట్టడానికే ఈ కథ రాశారా అని ఒళ్ళు మండింది. నా వంతుకు వచ్చినవి మూలుగులు, నిట్టూర్పులు, ఒక దగ్గు.

చివర్లో ఆవిడకి మాట తిరిగొస్తుంది. "నేనింకా ఉన్నాను" అంటుంది. కానీ వచ్చేది పాత గొంతు కాదు, చచ్చిపోయిన తన చెల్లెలి గొంతు. ఇకమీదట రాణిది ఆ గొంతేనట. దానికోసం వేరే అమ్మాయిని పిలిపించారు.

డబ్బింగ్ డైరెక్టర్ని నేను అన్నయ్యా అంటాను. ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను.

"అన్నయ్యా, ఆ ఒక్క మాట నాకివ్వు. గొంతు సన్నం చేసి చెప్తాను. ఇది కూడా పోతే నన్ను ఈ గుమ్మం ఎక్కమనేవాళ్ళే ఉండరు."

"చెప్పు తల్లీ, ఎవరొద్దన్నారు," అన్నాడు నా మొహం చూడకుండా.

చెప్పాను. బతిమాలుకుని మళ్ళీ చెప్పాను. సన్నగానే వచ్చింది, కానీ చిన్నపిల్లలా ముద్దుముద్దుగా మాట్లాడుతున్న పెద్దావిడలా ఉంది. నాకే వినబుద్ధి కాలేదు.

తర్వాత ఆ అమ్మాయి మైకు ముందుకొచ్చింది. "భయంగా ఉందక్కా," అంది నాతో. భయపడు, బాగా భయపడు, నాలుక తడబడాలి అని లోపల మొక్కుకున్నాను. ఆ పిల్ల గట్టిగా కూడా అనలేదు. "నేనింకా ఉన్నాను" అని మామూలుగా అంది. తెర మీద రాణి తన నోట్లోంచి చెల్లెలు పలికిందని ఉలిక్కిపడింది. ఇక్కడ నేనూ ఉలిక్కిపడ్డాను.

అన్నయ్య నావైపు తిరిగాడు. "ఈ కథ మా అందరికంటే నీకే బాగా తెలుసు. ఎవరిది పెట్టమంటావో నువ్వే చెప్పు. నీదంటే నీదే పెడతాను."

నాదే అని నోటిదాకా వచ్చింది. ఒక్క అబద్ధమాడితే నా రాణి నాకు మిగులుతుంది. కానీ ఏ ముఖం పెట్టుకుని అనను? రేపు హాల్లో కూర్చుని ఆ మాట దగ్గర నన్ను నేనే తిట్టుకోవాలి.

"ఆ అమ్మాయిదే," అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు.

ఆయన ఆ సీను వెనక్కి తిప్పించాడు. "ఆ మాటకి ముందు రాణి ఊపిరి పీలుస్తుంది. అప్పటిదాకా అన్నీ నీవే కదా, అదీ నీదే ఉండాలి," అన్నాడు.

ముఖం తుడుచుకుని మైకు దగ్గరికి వెళ్ళాను. తెర మీద రాణి నోరు తెరిచింది. గుండెనిండా ఊపిరి పీల్చాను. మాట నాలుక చివరే ఉంది. రాణి పెదాలు కదులుతున్నాయి. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.