రెండో వానకు లేచే గింజ

గ్లాసులు కడుగుతూనే ఆమె వింటోంది. ముందు గదిలో, పాతకాలపు రకాలు సేకరించడానికి విత్తనాల ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయికి భర్త చెబుతున్నాడు, పదకొండు రకాల ఉలవల్ని తను కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నానని. ఉలవలంటే పశువుల దాణా అని అందరూ వదిలేసిన రోజుల్లో అత్తగారు ఏ రకానికా రకం గుడ్డలో మూటకట్టి కోడలి చేతికిచ్చి పోయింది. కొడుక్కి ఇవ్వలేదు. ఆవిడకు కొడుకు సంగతి తెలుసు.

కిందటేడు అమ్మకు జబ్బు చేస్తే ఆమె పుట్టింటికి వెళ్ళి నెల్లాళ్ళుంది. తిరిగొచ్చేసరికి ఆయన మూటలన్నీ విప్పి ఒకే గోనెలో పోసేశాడు. అడ్డంగా ఉన్నాయని సర్దాడట. అన్నీ ఉలవలేగా అన్నాడు. ఇంటిల్లిపాదికీ వండి వార్చి, నడుం వాల్చాల్సిన ఆ కాస్త మధ్యాహ్నం వేళలో, నలభై రోజులు ఆమె గింజ గింజా ఏరి మళ్ళీ పదకొండు మూటలు కట్టింది. కళ్ళు మంటలెత్తేవి. ఎవరైనా అడిగితే పనీపాటా లేక ఏరుకుంటోందని ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

"ఈ రెండూ నల్లవే కదండీ, తేడా ఏమిటి?" అమ్మాయి అడిగింది.

"తేడా ఏం లేదు, కలిపేసుకోండి."

ఆయనకు తెలియని జవాబును తలుపు చాటు నుంచి అందించడం ఆమెకు ఏళ్ళ తరబడి అలవాటు. గొప్ప మాత్రం ఆయనదయ్యేది. ఇప్పుడూ అందిస్తే అది ఆయన మాటగానే కాగితమెక్కుతుంది. ఊరుకుంటే రెండూ ఒకే కవర్లో పడతాయి, ఒక రకం అంతటితో సరి. చేతులు తుడుచుకుని వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కలపకమ్మా. వేలితో రుద్ది చూడు. గరుకుది మొదటి వానకే లేస్తుంది. నున్నటిది రెండో వాన దాకా మట్టిలో ఆగుతుంది. మొదటి వాన మోసం చేసిన ఏడు మా కడుపు నింపింది ఇదే."

భర్త ముఖం మాడిపోయింది. పొయ్యి మీద పాలున్నాయేమో చూడమన్నాడు. దించేసే వచ్చానంది.

అమ్మాయి గబగబా రాసుకుంది. కాగితంలో విత్తనం కాపాడిన రైతు అన్న గడిలో మాత్రం ఆయన పేరు అప్పటికే ఉంది. "ఇంటి యజమాని పేరే రాయడం మా పద్ధతండీ" అంది నొచ్చుకుంటూ.

ఆమె అమ్మాయి ముందున్న పదకొండు మూటల్నీ ఒక్కొక్కటిగా ఒళ్ళోకి తీసుకుంది.

"పద్ధతి మార్చుకుని ఇంకో కాగితం తెచ్చుకో తల్లీ. అందాకా వీటిని నా చేలో వేసుకుంటాను."

ఆ చేనును ఆమె నాది అనడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు, ఆమెతో సహా.