నాలుగో పొర

"నీదేముంది, కంప్యూటర్లో రంగులు చూడటమేగా! మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చెయ్," అన్నాడు మా ఆయన, నేను అప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ. సాయంత్రం వాళ్ల ఆఫీసు పెద్దాయన భోజనానికి వస్తున్నాడట. అత్తయ్య అందుకున్నారు. "కూర్చుని చేసే ఉద్యోగమేగా అమ్మా, ఒక పూట కూర్చోకపోతే కొంపలేం మునిగిపోవు." మునుగుతాయి అత్తయ్యా, అనబోయి ఇస్త్రీపెట్టె వైరు చుట్టి పక్కన పెట్టాను.

నిజమే, నేను రంగులే చూస్తాను. కాలు పోయినవాళ్లకు కార్బన్ పాదాలు తయారుచేసే కంపెనీ మాది. పల్చటి కార్బన్ గుడ్డను పొరలు పొరలుగా పేర్చి, జిగురు పట్టించి, వేడిచేసి అతికిస్తారు. ఏ పొరను ఎటు తిప్పి వెయ్యాలో సాఫ్ట్‌వేర్‌లో నేను కూర్చుతాను. మనిషి బరువు మోపితే ఏ పొర తట్టుకుంటుందో అది రంగుల్లో చెబుతుంది. ఆకుపచ్చ అయితే నిలుస్తుంది, ఎరుపైతే చీలుతుంది. కాకపోతే తెరవగానే కనిపించేది పైపొర ఒక్కటే. లోపలివాటి సంగతి పనిగట్టుకుని ఒక్కొక్కటీ నొక్కి అడగాలి. అడిగే తీరిక ఎవరికుంది?

బరువు తగ్గాలని మా సారు పోయినవారం అడ్డంగా వేసిన పొరొకటి తీయించేశారు. ఆ లెక్కతోనే నమూనా పాదం కూడా తయారైపోయింది. అప్పట్నుంచి మడమ దగ్గర నాలుగో పొర ఎర్రగా మండుతోంది. చెప్తే నవ్వారు. "ఆడవాళ్లకి భయం ఎక్కువమ్మా! పైపొర చూపించండి చాలు. లోపల ఎవరు చూడొచ్చారు?" పైన పటారం, లోన లొటారం! ఒళ్లు మండిపోయింది. అయినా తల ఊపేశాను. ఇంట్లో రోజూ ఊపుతున్నదేగా.

మధ్యాహ్నం మీటింగుకి ఆ పాదం మొదటగా తొడుక్కోబోయే ఆవిడ వచ్చింది. దర్జీ. మెడలో కొలత టేపు అలాగే ఉంది. "నిలబడి గుడ్డ కత్తిరించి ఎన్నాళ్లయిందో మేడమ్," అంది నాతో, చిన్నపిల్లలా మురిసిపోతూ. తెర మీద పైపొర పచ్చగా ఉంది. సారు దాన్ని తెగ పొగుడుతున్నారు. నా ఒళ్లో ఫోను గిలగిలా కొట్టుకుంటోంది. మా ఆయనే. ఇంతలో సారు నా వైపు వంగి, "మీవారు నాకూ ఫోన్ చేశారమ్మా. ఇంట్లో పనుందట కదా, బయల్దేరండి. మిగతాది నేను చూసుకుంటా," అన్నారు.

అంటే నా సెలవు వీళ్లిద్దరూ మాట్లాడేసుకున్నారన్నమాట! నన్ను అడగాలని ఒక్కరికీ తోచలేదు. సిగ్గుతో, కోపంతో చెవులు వేడెక్కాయి. లేచి వెళ్లిపోతే ఇక్కడా మంచిదాన్నే, అక్కడా మంచిదాన్నే. వెళ్లకపోతే రాత్రి ఇంట్లో రామాయణం, రేపు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. భయమేసింది. బ్యాగు భుజాన వేసుకున్నాను కూడా.

దర్జీ ఆవిడ పాదం తగిలించుకుని, బల్ల అంచు పట్టుకుని లేవబోతోంది.

"ఆగండి! దాని మీద నిలబడకండి!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బ్యాగు కింద పడేసి, సారు చేతికిందనుంచి మౌసు లాక్కున్నాను.

"ఏంటమ్మా ఇది? అక్కడ మీవారు ఎదురుచూస్తుంటారు!"

"చూడనివ్వండి సార్. ముందు మీరు ఇది చూడండి," అని నాలుగో పొర మీద నొక్కాను.