ఎడమ చెయ్యి ఎత్తినవాళ్లు

తార్నాకలోని ఆ ప్రైవేటు స్కూల్లో ఒక ఏర్పాటు ఉంది. ఎవరైనా పెద్దమనుషులు క్లాసు చూడటానికి వస్తే, టీచరు ప్రశ్న అడగ్గానే పిల్లలందరూ చేతులెత్తాలి. జవాబు వచ్చినవాళ్లు కుడి చెయ్యి, రానివాళ్లు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతుల్లోంచి ఒకరిని లేపుతుంది. వాళ్లు గడగడా చెప్పేస్తారు. వచ్చినవాళ్లు క్లాసు క్లాసంతా ఆణిముత్యాలేననుకుని, టీ తాగి, వెళ్లిపోతారు. ఈ తెలివి ప్రిన్సిపాల్ శ్యామలాంబ గారిది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి, ఆ ముప్పై ఏళ్లలో ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ మాట పడని మనిషి.

ఏడో తరగతి బి సెక్షన్‌కి లెక్కలు చెప్పే సింధూజకి ఈ ఏర్పాటంటే ఒళ్లు మంట. ఆమెది జనగామ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ, బీఈడీ చేసి, రెండేళ్ల కిందట ఈ స్కూల్లో చేరింది. ఆమె క్లాసులో వేరే పద్ధతి. పీరియడ్ చివరి ఐదు నిమిషాలూ పిల్లలు నోట్సు వెనక పేజీల్లో ఆ రోజు తమకు ఎక్కడ అర్థం కాలేదో రాయాలి. కొట్టివేతలు ఉండొచ్చు, తప్పులుండొచ్చు, చెరపడం మాత్రం కుదరదు. ఆమె ఆ పేజీలు ఇంటికి పట్టుకెళ్లి, నవల చదివినట్టు చదువుకునేది.

ఒకరోజు ఆ పేజీలు శ్యామలాంబ గారి కంట పడ్డాయి.

“ఏంటమ్మా ఇది? పిల్లల చేత ‘నాకు రాదు’ అని రాయిస్తున్నావా? తల్లిదండ్రులు చూస్తే ఏమనుకుంటారు?”

“రానిది రాదనే కదా మేడం రాశారు.”

“రాకపోతే వచ్చేలా చెప్పు. అంతేగానీ ఊరంతా చాటింపు వేయించకు.”

సింధూజ అప్పటికి నోరు నొక్కుకుంది. నోరు నొక్కుకోవడం ఆమెకి చేతకాని పని. అయినా రెండేళ్లుగా కష్టపడి నేర్చుకుంటోంది.

జనవరిలో యూనివర్సిటీ క్యాంపస్ నుంచి కబురొచ్చింది. అక్కడ బీఈడీ చదివేవాళ్ల ముందు ఈ స్కూలు పిల్లలతో ఒక నమూనా క్లాసు చెప్పాలి. పాఠం భిన్నాల భాగహారం. చెప్పాల్సింది సింధూజ. శ్యామలాంబ గారు ఆమెను గదికి పిలిచి తలుపు దగ్గరగా వేయించారు.

“నీ ఉద్యోగం పర్మనెంట్ చేసే ఆర్డరు టైపు చేయించి ఉంచాను. ఈ క్లాసు సవ్యంగా జరిగితే సంతకం పెడతాను. నువ్వు ప్రశ్న అడుగు, వెంకటసాయిని లేపు, వాడు చెబుతాడు. ఎడమ చేతుల జోలికి మాత్రం వెళ్లకు. ఏదైనా తేడా వచ్చిందో, జూన్‌లో నువ్వు ఇంకో స్కూలు వెతుక్కోవాలి.”

సింధూజ గంగిరెద్దులా తలాడించి బయటికొచ్చింది. మెట్లు దిగుతున్నంతసేపూ తనను తానే తిట్టుకుంది.

రిహార్సల్ రెండుసార్లు జరిగింది. రెండోసారి ఆమె ఒక సంగతి గమనించింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే మనీషా ఉందే, ఆ పిల్ల ప్రశ్న పూర్తి కాకముందే ఎడమ చెయ్యి ఎత్తేస్తోంది. ప్రశ్న వినడం కూడా మానేసింది. ఏది అడిగినా తను ఎడమ చేతి మనిషినని ఆ పిల్లకి ఖాయమైపోయింది. నెల కిందటిదాకా వెనక పేజీల్లో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు రాసింది ఆ పిల్లే. సింధూజకి తన మీదే కోపం వచ్చింది. ఈ పని చేయించింది శ్యామలాంబ గారే కావచ్చు, చేసింది మాత్రం తనే.

క్లాసు రోజున స్కూలు బస్సు తార్నాక చౌరస్తా దాటి క్యాంపస్‌లోకి మళ్లింది. చెట్ల కింద ఉద్యోగ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు మోకాళ్ల మీద పుస్తకాలు పెట్టుకుని బట్టీ కొడుతున్నారు. పిల్లలు కిటికీల్లోంచి వాళ్లకు చేతులూపారు. హాల్లో వందమంది బీఈడీ విద్యార్థులు, ముందు వరసలో ప్రొఫెసర్ వెంకటకృష్ణ, ఆయన పక్కన పట్టుచీరలో శ్యామలాంబ గారు.

సింధూజ బోర్డు మీద ఆరు బై సగం లెక్క వేసింది. ఆరుని ఒకటి బై రెండుతో భాగిస్తే ఎంత అని అడిగింది. ముప్పై రెండు చేతులూ ఒక్కసారిగా లేచాయి. వెనక కూర్చున్నవాళ్లు ‘అబ్బో’ అన్నారు. వెంకటసాయి కుడి చెయ్యి ఎత్తి, లేవడానికి సిద్ధంగా బెంచీ అంచున కూర్చున్నాడు. మూడో వరసలో మనీషా ఎడమ చెయ్యి ఎత్తి, కిటికీలోంచి బయటికి చూస్తోంది.

తాడోపేడో ఇక్కడే తేలిపోనీ అనుకుంది సింధూజ.

“మనీషా, నువ్వు చెప్పు.”

ఆ పిల్ల ఉలిక్కిపడి తన చెయ్యి వంక చూసుకుంది. పొరపాటున కుడిది ఎత్తానా అని చూసుకుంది కాబోలు.

“టీచర్, నాది ఎడమ చెయ్యి,” అంది మెల్లగా.

“నాకు కనిపిస్తున్నది బిడ్డా. అందుకే అడుగుతున్న. ఎక్కడ అర్థం కాలే?”

ముందు వరసలో శ్యామలాంబ గారి మొహం మాడిపోయింది. సింధూజ అటు చూడలేదు. మనీషా చెయ్యి దించి లేచి నిలబడింది.

“ఆరు చపాతీలు ఇద్దరికి పంచితే తలా మూడు. ఒక్కరికే ఇస్తే ఆరు. గిది మంచిగనే ఉన్నది టీచర్. గని సగం మనిషికి ఎట్ల పంచుతం? పైగ రూల్ ప్రకారం పన్నెండు వస్తదంటరు. పంచితే పెరుగుడు ఏంది?”

హాలు హాలంతా ఘొల్లుమంది. సింధూజ నవ్వలేదు. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. రెండేళ్లుగా ఆమె ఎదురుచూస్తున్న ప్రశ్న అది.

“నవ్వినవాళ్లలో ఎవరైనా జవాబు చెప్పండి,” అంది బీఈడీ విద్యార్థుల వైపు తిరిగి. నవ్వు టక్కున ఆగింది. వెంకటసాయి మాత్రం నెమ్మదిగా కుడి చెయ్యి దించి, ఎడమది ఎత్తాడు.

“నాకు చెయ్యడం వచ్చు టీచర్. తలకిందులు చేసి గుణిస్తే పన్నెండు. ఎందుకు తలకిందులు చెయ్యాలో మాత్రం నాకూ తెలీదు.”

ప్రొఫెసర్ వెంకటకృష్ణ గడియారం చూసుకున్నారు. “బాగుందమ్మా, కానీ టైం అయిపోతోంది. జవాబు చెప్పేసి ముగించండి.”

“పిల్లలింకా ఆలోచిస్తున్నారు సార్. ఇప్పుడే చెప్పేస్తే వాళ్ల ప్రశ్న నేను లాక్కున్నట్టవుతుంది.”

క్లాసు జవాబు లేకుండానే ముగిసింది. ప్రొఫెసర్ చేతిలోని కాగితంలో ‘పాఠం లక్ష్యం నెరవేరిందా’ అనే గడి ఎదురుగా ఒక అడ్డగీత పడింది. తిరుగు బస్సులో శ్యామలాంబ గారు ముందు సీట్లో కూర్చుని తార్నాక వచ్చేదాకా తల వెనక్కి తిప్పలేదు. అక్షింతలు రేపటికి దాచుకున్నారని సింధూజకి తెలుసు. భయం వేసింది. భయం వేసినా, ఆ రోజు జరిగినదాంట్లో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే పిలుపొచ్చింది. టేబుల్ మీద ఒక కాగితం. ‘రానివారిని లేపి, పాఠశాల పరువుకు భంగం కలిగించినందుకు క్షమాపణ కోరుతున్నాను. ఇకపై ఇలా జరగదు.’ కింద సింధూజ పేరు, పేరు మీద సంతకానికి జాగా.

“సంతకం పెట్టు. ఉద్యోగం ఉంటుంది. నేనంత చెడ్డదాన్నేం కాదు.”

“ఇందులో నా తప్పేందో చెప్పండి మేడం.”

“నలుగురిలో ఒక ఆడపిల్లని నవ్వులపాలు చేశావు. అది చాలదూ?”

“నవ్వింది వాళ్లు. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. సరే మేడం, ఆ పిల్లకి మీరైతే ఏం చెబుతారు? ఎందుకు తలకిందులు చెయ్యాలె?”

“అది రూలు.”

“ఎందుకు రూలైంది?”

శ్యామలాంబ గారు ముప్పై ఏళ్లలో ఎన్ని వేలమందికి ఆ రూలు చెప్పి ఉంటారో, ఒక్కరూ అలా అడిగి ఉండరు. లేదా అడగాలనుకున్నవాళ్లు ఎడమ చేతులవాళ్లయి ఉంటారు, వాళ్లనెవరూ లేపి ఉండరు. ఆమె మెడ దాకా ఎర్రబడింది.

“ఎదురు మాట్లాడకు! సంతకం పెడతావా, లేదా?”

“పెట్టను మేడం. పిల్లలు ‘నాకు రాదు’ అనుడు తప్పని నా చేత్తో రాసియ్యను. ఉద్యోగం మీది, తీసుకోండి. గిది మాత్రం ఇయ్య.”

కోపమొచ్చేసరికి ఆమెకి జనగామ భాష వచ్చేసింది. వస్తే రానీ అనుకుని, బయటికొచ్చి నేరుగా ఏడో తరగతి బి సెక్షన్‌కి నడిచింది.

అక్కడ మనీషా అప్పటికే బోర్డు దగ్గర ఉంది. చేతికి, స్కర్టుకి సుద్ద.

“టీచర్, పంచుడు కాదు టీచర్ అది! పొద్దున మా అమ్మ పాల ప్యాకెట్లు తెమ్మంటే తోచింది. ఆరు లీటర్ల పాలున్నయనుకోండి. అర లీటర్ ప్యాకెట్లల్ల పోస్తే ఎన్ని ప్యాకెట్లు? పన్నెండు. ఒక్క లీటర్ల రెండు అరలున్నయి, గందుకే ఆరు రెండ్లు. పావు లీటర్వి అయితే ఒక్క లీటర్ల నాలుగు, గప్పుడు ఆరు నాలుగ్ల ఇరవై నాలుగు. తలకిందులు చేసుడంటే గదే!”

వెంకటసాయి బెంచీ మీద చరిచాడు. క్లాసంతా ఒకటే గోల. ఆ గోల తలుపు దగ్గర్నుంచి వరస వరసా ఆగిపోయింది. శ్యామలాంబ గారు ఆ క్షమాపణ కాగితమూ పెన్నూ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో ఎవరూ చూడలేదు.

ఆమె సింధూజ వైపు చూడలేదు. సరాసరి మనీషానే అడిగారు, గొంతులో వేడి తగ్గకుండానే.

“అంత తెలిసినదానివి, ముప్పావు లీటరు ప్యాకెట్లయితే ఎన్నో చెప్పు. లీటర్లో ముప్పావులు ఎన్నుంటాయి? అప్పుడేం చేస్తావు?”

క్లాసు బిక్కచచ్చిపోయింది. సింధూజ అడ్డు పడబోయి, ఆగింది. మనీషా బోర్డు వంక చూసింది. సుద్దముక్కని అరచేతిలో అటూ ఇటూ తిప్పింది.

“తెల్వదు మేడం,” అంది గట్టిగా, తల వంచకుండా.

“తెలీదు కదా? అయితే కూర్చో.”

“తెల్వదన్న గని, రాదనలే మేడం. జర ఆగండి. ఆలోచిస్తున్న.”

ఆ పిల్ల ప్రిన్సిపాల్‌కి వీపు తిప్పి, బోర్డు మీద లీటరుకొకటి చొప్పున ఆరు గీతలు గీసింది. ఒక్కో గీతనీ నాలుగు ముక్కలు చేయడం మొదలుపెట్టింది. శ్యామలాంబ గారు ఏదో అనబోయారు. పిల్ల గీస్తున్న ముక్కల్ని చూస్తూ, అనడం మానేసి, ఆగారు.