భీమశంకర్ గారి రాజ్‌దూత్

బర్మామైన్స్ సందులో శ్రీదేవి మెకానిక్ షెడ్డు ముందు తోపుడు బండి మీంచి పాత రాజ్‌దూత్ మోటార్‌సైకిల్ దిగేసరికి, ఎదురు టీ బడ్డీలో ఉన్నవాళ్ళంతా గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. తిరగరా మరి! తండ్రి పోయి షెడ్డు ఆమె చేతికొచ్చి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో జనం పంక్చర్లు తెచ్చారు, చైన్లు తెచ్చారు, బ్రేకులు తెచ్చారు. ఇంజను మాత్రం ఒక్కరూ తేలేదు. తండ్రి పక్కన కూర్చుని పదిహేనేళ్ళు ఇంజన్లు విప్పిన మనిషికి అదెంత కడుపుమంటో చెప్పనక్కర్లేదు.

తోపుడు బండి వెనకాలే నడిచొచ్చినాయన భీమశంకర్. ఉండేది అదే ఊళ్ళో, భాలుబాసా బస్తీలో. ఊళ్ళోని ఉక్కు ప్లాంటులో మోటార్ల ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు.

"నడిపి పద్నాలుగేళ్ళయిందమ్మా. మూడు షాపులోళ్ళు తుక్కు కింద కబాడీకి ఇచ్చీమన్నారు," అన్నాడు. "నువ్వు నాలుగోదానివి."

"ఆఖర్న వచ్చారన్నమాట, బాబాయ్."

"ఆడపిల్లవని అనుమానపడ్డాను. అబద్ధమెందుకు?"

శ్రీదేవికి ఒళ్ళు మండింది. అయినా మొహమ్మీదే చెప్పినందుకు ముసలాయన నచ్చాడు కూడా. బండి చుట్టూ తిరిగి చూసింది. ట్యాంకు నిండా తుప్పు, సీటు ఎలుకల పాలు, వైర్లు ముట్టుకుంటే పొడి. ఇవేవీ ఆమెను భయపెట్టలేదు. రేకు అతికించొచ్చు, వైరు కొత్తది లాగొచ్చు. ఇంజను బిగుసుకుపోయి ఉంటే మాత్రం ఒప్పుకోకూడదు. దొరికిన మొదటి ఇంజనే చేతిలో చెడిందంటే, ఇక జన్మంతా పంక్చర్లే.

ప్లగ్గు విప్పి, కిక్కు మీద కాలేసి బలమంతా పెట్టింది. కిక్కు అవలీలగా దిగిపోయింది. ప్లగ్గు కన్నంలోంచి నూనె జివ్వున లేచి మొహం నిండా కొట్టింది. టీ బడ్డీ మొత్తం గొల్లున నవ్వింది.

"ఏటిది బాబాయ్? ఇత్నా తేల్ కహాఁ సే ఆయా? ఇంత నూనెక్కడిది?"

"ప్లాంటులో స్పేరు మోటార్ని ఊరికే ఒగ్గీకూడదు గదమ్మా. వారానికోపాలి సేత్తో తిప్పాల, లేకపోతే బేరింగు పట్టేత్తది. దీన్నీ అలాగే తిప్పాను. ప్రతి ఆదివారం ప్లగ్గిప్పి సెంచాడు నూనె పోసి, కిక్కు సేత్తో నొక్కీవోడిని."

"పద్నాలుగేళ్ళూనా! మరి ఆ షాపులోళ్ళకి చెప్పలేదా?"

"ఎవుడడిగాడు? తుప్పు సూసి పొమ్మన్నారు. ఒక్కడూ కిక్కు కొట్టి సూడనేదు."

శ్రీదేవి మొహం తుడుచుకుంటూ పగలబడి నవ్వింది. లోపల పిస్టను ఊరగాయ ముక్కలా నూనెలో మునిగి భద్రంగా ఉండి ఉంటుంది.

"చేత్తాను బాబాయ్. రెండు నెలలివ్వండి," అంది, బడ్డీలో వాళ్ళకు కూడా వినబడేలా.

అయినా ఆయన కదల్లేదు. సీటు మీద చెయ్యేసి, నిటారుగా నిలబడి మొదలుపెట్టాడు.

"క్లచ్చి బాగుంది. మూడో గేరు కొంచెం మొండికేత్తది. ఎనక బ్రేకుని నమ్మొద్దు."

చెప్పి, ఆమె మొహంలోకే చూస్తూ ఊరుకున్నాడు.

ఆయన దేనికోసం ఆగాడో తెలియడానికి శ్రీదేవికి నిమిషం పట్టింది. ప్లాంటులో షిఫ్టు దిగేవాడు మిషను మంచీ చెడ్డా ఎక్కేవాడికి ఇలాగే చెబుతాడు. వచ్చినవాడు తీసుకున్నానని నోటితో అనేదాకా అక్కణ్ణించి కదలడు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఆ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఆమెతో ఇంతవరకూ ఎవరూ అలా చెప్పలేదు. ఆమె కూడా నిటారుగా నిలబడింది.

"తీసుకున్నాను బాబాయ్," అంది. "మీరింక డ్యూటీ దిగండి."

భీమశంకర్ సీటు మీంచి చెయ్యి తీసేశాడు. రుమాలుతో వేళ్ళు తుడుచుకుని, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి నడిచాడు.