రెండో పేరు

పాటల పుస్తకంలో తడి ఆరని పేజీ కింద పాత పేపరు పెట్టి, పైన పల్చటి గుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెను ఆనీ ఆనకుండా లాగుతున్నాను. ఎక్కువసేపు ఉంచితే కాగితం మాడుతుంది, తొందరపడితే రెండు పేజీలు అతుక్కుపోతాయి. వరద తగ్గాక చర్చిలో ఈ రోజే మొదటి ఆరాధన. పాస్టరమ్మ పంపిన ముప్పై పుస్తకాల్లో ఇంకా నాలుగు మిగిలాయి.

"మంచం మీద తడి తువ్వాలు వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" లోపలి గదిలో అక్క బావను కసురుతోంది.

నా ఇల్లు కూలిపోయాక మూడు వారాలుగా ఇక్కడే ఉంటున్నాను. అక్క తన చీరలిచ్చింది, బీరువాలో సగం ఖాళీ చేసిచ్చింది, తిననంటే తిట్టి తినిపించింది. అయినా ఆ తడి తువ్వాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బావ దగ్గు వినిపించినా మండుతుంది. తిట్టుకోవడానికి అక్కకు మనిషున్నాడు.

అక్క వచ్చి నా ఎదుట నిలబడి గొంతు సవరించుకుంది. "వినవే. ఆరాధనలో చెప్పే నా సాక్ష్యం మరీ పొడుగైతే చెప్పు. పాస్టరమ్మ అయిదు నిమిషాలే ఇచ్చింది."

"అయిదు నిమిషాలా? నీకు దండం పెట్టడానికే సరిపోవు."

"నోర్మూసుకో," అని నవ్వి మొదలుపెట్టింది.

అదంతా నేనూ చూసిందే. వరద వచ్చిన పొద్దున బావ, మా ఆయన కలిసి బావ వ్యానులో ఏటి పక్క వీధిలోని ముసలివాళ్ళను తేవడానికి వెళ్ళారు. మేమంతా బడి మేడమీద తలదాచుకున్నాం. మధ్యాహ్నమైనా వాళ్ళిద్దరూ రాలేదు. రానివాళ్ళ పేర్లు రాసిస్తే ఒక్కొక్కరి కోసం ప్రార్థన చేద్దామంది పాస్టరమ్మ. చేతిరాత బాగుంటుందని నన్ను రాయమన్నారు. పెద్దవాడు కదా అని బావ పేరు ముందు రాశాను. దాని కింద మా ఆయన పేరు.

అక్క ఆ ప్రార్థన దగ్గరికొచ్చింది. "పాస్టరమ్మ మా ఆయన పేరు చదివింది. అందరం మోకాళ్ళ మీద ఉన్నాం. ఆమేన్ అనకముందే మెట్ల మీద ఆయన గొంతు!" అక్క కళ్ళు తుడుచుకుంది. "అడిగాం కాబట్టి ప్రభువు పంపాడు. ఎలా ఉందే?"

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను. "తర్వాత ఏం జరిగిందో చెప్పవా?"

"తర్వాతేముంది? అందరం కిందికి పరిగెత్తాం. స్తోత్రం, స్తోత్రం అని ఒకటే కేకలు."

"రెండో పేరు ఎవరు చదివారక్కా?"

అక్క నేను ఆరబెట్టిన పుస్తకాలను సర్దడం మొదలుపెట్టింది.

ఎవరూ చదవలేదు. బావ వెనకాలే మా ఆయన ఉంటాడని నేను కూడా పరిగెత్తాను. తిరిగి పైకొచ్చేసరికి ఆ కాగితం తడి నేలకు అతుక్కుపోయి ఉంది. మూడో రోజు మా ఆయన శవం దొరికింది.

ఆయన పేరే ముందు రాసి ఉంటే ఈ తడి తువ్వాలు మా ఆయనదయ్యేది, నా చోట అక్క ఉండేది అని ఎన్నిసార్లు అనుకున్నానో. తప్పని తెలుసు. తెలిసీ మళ్ళీ అనుకుంటాను.

"పిచ్చిదానా, దేవుడికి పేరు చదివి వినిపించాలా? ఆయనకు తెలియదా?"

"తెలుసుగా. మరి పేరు చదవబట్టే బావ వచ్చాడని చెప్తావేం?"

"నాకు జరిగిన మేలు నేను చెప్పుకోకూడదా?"

"చెప్పుకో. వచ్చాడు, స్తోత్రం అను. అడిగాం కాబట్టి పంపాడని మాత్రం అనకు. నేనూ నీ పక్కనే ఉన్నానక్కా. నీ మోకాళ్ళు ఎంత నొచ్చాయో నావీ అంతే నొచ్చాయి. నువ్వలా చెప్తే చర్చంతా నావైపే చూస్తుంది, ఇదేం తక్కువ చేసిందో అని."

"నా సంతోషం చూస్తే నీకు కుళ్ళు," అంది అక్క.

"అవును, కుళ్ళే. దేవుడి మీద కోపం తెచ్చుకోవాలంటే భయం. నీ మీదైతే భయం లేదు."

అంత సూటిగా అంటానని నేనూ అనుకోలేదు.

అక్క లోపలికి తిరిగి కేకేసింది. "ఏమండీ, విన్నారా దీని మాటలు? అక్కడ నా పక్కన నిలబడేది మీరే కదా, మీరైనా చెప్పండి!"

బావ తెల్లచొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. ఆ రోజు ఏటి దగ్గర ఏం జరిగిందో ఇంతవరకు ఎవరికీ చెప్పని మనిషి. అక్కను చూడలేదు, నన్నే చూశాడు.

"నా పేరు ముందెందుకు రాశావమ్మా?"

"పెద్దవాడివి కదా బావా."

"వాడూ అదే అన్నాడు. నీళ్ళల్లో ఉండగా ఏటి పక్క ఇంటి మేడమీంచి ఎవరో తాడు వేశారు. ఒకటే తాడు. పెద్దవాడివి, ముందు నువ్వు పట్టుకో అన్నయ్యా అన్నాడు."

అక్క మొహం పాలిపోయింది. అది చూసి ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. వెంటనే సిగ్గుతో తల దించుకున్నాను.

"ఏమండీ," అంది అక్క మెల్లగా, "ఆరాధనకు టైమవుతోంది."

బావ చెప్పులు వేసుకున్నాడు. గేటు తీసి, చర్చి ఉన్న వైపు కాకుండా రెండో వైపుకు తిరిగి వెళ్ళిపోయాడు.